ఇల్లాలి అబద్ధాలు

ఇంట్లో గొడవ రాకూడదని ఆడవాళ్లు చెప్పే అబద్ధాలను ఏ పద్దులో రాయాలి? అసలవి అబద్ధాలేనా? పనిమనిషి చేతిలో పగిలిన గిన్నె సంగతి అత్తగారి చెవిన పడకుండా చూడటం, భర్త ఆలస్యంగా వస్తే ఆఫీసులో పని ఎక్కువైందని పిల్లలకు చెప్పడం, పుట్టింటికి వెళ్లినప్పుడు అక్కడంతా బాగానే ఉందని నవ్వడం. ఇలాంటివి నీతిశాస్త్రం పట్టించుకునేంత పెద్ద విషయాలని ఎవరూ అనుకోరు. చెప్పేవాళ్లూ అనుకోరు. 'సంసారం గుట్టు, వ్యాధి రట్టు' అని సామెత ఉండనే ఉంది. ఆ గుట్టు కాపాడాల్సింది ఎవరో సామెత చెప్పదు. చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు.

ఈ గుట్టునే కథా వస్తువుగా తీసుకుని 1947 డిసెంబరులో షాంఘైలో ఒక హాస్య చిత్రం విడుదలైంది. పేరు 'థైథై వాన్‌స్వెయ్'. 'థైథై' అంటే శ్రీమతి, మధ్యతరగతి ఇల్లాలిని గౌరవంగా పిలిచే పిలుపు. 'వాన్‌స్వెయ్' అంటే అక్షరాలా పదివేల ఏళ్లు. ఒకప్పుడు చక్రవర్తులకు చేసిన జయజయధ్వానం అది. మనం 'శ్రీమతి వర్ధిల్లాలి' అనుకోవచ్చు. రాసింది చాంగ్ ఐలింగ్, ఇంగ్లీషు పాఠకులకు ఐలీన్ చాంగ్‌గా తెలిసిన రచయిత్రి (1920-1995). దర్శకుడు సాంగ్ హు. నిర్మించింది యుద్ధం ముగిశాక 1946లో ఏర్పడ్డ వెన్‌హువా సంస్థ. విడుదలైనప్పుడు జనం బాగానే చూశారు. విమర్శకులు మాత్రం చీల్చి చెండాడారు. 1949 తర్వాత దాన్ని తలుచుకునేవాళ్లు లేకుండా పోయారు. దశాబ్దాల తర్వాత చాంగ్ కథలకు మళ్లీ పాఠకులు దొరికాక, ఆ కథల వెంటే ఈ సినిమా కూడా వెలుగులోకి వచ్చింది. ఇప్పుడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు క్రిస్టఫర్ రియా ఇంగ్లీషు సబ్‌టైటిల్సుతో అంతర్జాలంలో ఉచితంగా అందుబాటులో ఉంచాడు.

కథ చెప్పడం తేలిక. చెన్ సిజెన్ ఒక బ్యాంకు ఉద్యోగి భార్య. భర్త తాంగ్ జియువాన్, అత్తగారు, ఆడబిడ్డ, పనిమనిషి, ఇదీ ఇల్లు. అత్తగారి పుట్టినరోజున పనిమనిషి గిన్నె పగలగొడుతుంది. శుభమా అని పుట్టినరోజు నాడు ఆ సంగతి ఎందుకని సిజెన్ పెంకులు కనబడకుండా దాచేస్తుంది. సినిమాలో ఆమె మొదటి అబద్ధం అది. భర్త విమానంలో వెళ్లాలి, విమానమంటే అత్తగారికి భయం. ఓడలో వెళుతున్నాడని చెబుతుంది. భర్తకు సొంత వ్యాపారం పెట్టాలని కోరిక. పెట్టుబడి పెట్టగలవాడు ఆమె తండ్రి ఒక్కడే, ఆయన పిసినారి. మా అత్తగారి దగ్గర బంగారు కడ్డీలున్నాయని తండ్రితో చెబుతుంది. తండ్రి కరిగి డబ్బు తీస్తాడు. కంపెనీ నిలబడుతుంది. చేతిలో డబ్బు ఆడగానే భర్తగారు షి మిమి అనే వగలాడి చుట్టూ తిరగడం మొదలుపెడతాడు. అల్లుణ్ణి దారిలో పెడతానని బయలుదేరిన మామగారు తానూ ఆ మత్తులో పడిపోతాడు. నమ్మిన భాగస్వామి సొమ్ముతో ఉడాయిస్తాడు. కంపెనీ మునుగుతుంది. మిమి తరఫున జియువాన్‌ని డబ్బు కోసం బెదిరిస్తే, ఆ చిక్కు కూడా సిజెనే తన నేర్పుతో విప్పుతుంది. అప్పుడు, అన్నీ సర్దిన తర్వాత, ఇక విడిపోదాం అంటుంది. వకీలు దాకా వెళ్లి, చివరి క్షణంలో మనసు మార్చుకుంటుంది.

బంగారు కడ్డీల అబద్ధం ఎందుకంత సులువుగా చెల్లిందో తెలియాలంటే అప్పటి షాంఘై గుర్తుండాలి. ఎనిమిదేళ్ల జపాను యుద్ధం 1945లో ముగిసింది, అంతలోనే అంతర్యుద్ధం ముదిరింది. కాగితం డబ్బు విలువ రోజురోజుకీ కరిగిపోతోంది. 1948 ఆగస్టులో ప్రభుత్వం ఆ నోట్లనే రద్దు చేసి కొత్తవి తెచ్చింది, అవీ నిలవలేదు. అలాంటి ఊళ్లో నమ్మదగినది బంగారమొక్కటే. నోటు విలువ సాయంత్రానికి ఎంతుంటుందో ప్రభుత్వమే చెప్పలేని చోట, లేని కడ్డీల మీద ఒక ఇల్లాలు సంసారాన్ని నిలబెట్టింది. ఊరంతా నమ్మకం పేరుతో జరిగే లావాదేవీల్లో ఆమెది ఒకటి, అంతే. అయినా అబద్ధాలకోరు అన్న పేరు ఆమె ఒక్కదానికే వస్తుంది. ఇంట్లోవాళ్ల మేలు కోసం చెప్పినవన్నీ ఒక్కొక్కటే తిరిగొచ్చి ఆమె మీదే పడతాయి.

ఈ సినిమాకి రెండు నెలల ముందు, 1947 అక్టోబరులో, అదే షాంఘైలో ఇంకొక భార్య కథ తెరకెక్కింది. త్సాయ్ చూషెంగ్, జెంగ్ జున్లీ తీసిన 'వసంత నది తూర్పుకు పారుతుంది'. యుద్ధంలో విడిపోయిన భార్యాభర్తలు. భర్త ఎక్కడో దూరాన ధనికుల మధ్య చేరి మరొక స్త్రీని చేసుకుంటాడు. భార్య సుఫెన్ బిడ్డనూ అత్తగారినీ మోస్తూ ఎదురుచూస్తుంది. చివరికి అతన్ని ఒక విందులో, తాను పనిమనిషిగా ఉన్న ఇంట్లో చూస్తుంది. నదిలో దూకి చనిపోతుంది. ఊరు ఊరంతా చేతిరుమాళ్లు తడుపుకున్న సినిమా అది. చైనా చలనచిత్ర చరిత్రలో దాని స్థానం ఎప్పుడూ చెక్కు చెదరలేదు. రెండు కథల్లోనూ భర్త చేసిన పని ఒకటే. ఒక భార్య చచ్చిపోయింది, ఇంకొక భార్య లెక్కలు సరిచూసుకుంది. చచ్చిపోయినావిడ జాతి దుఃఖానికి ప్రతీక అయింది. లెక్కలు చూసుకున్నావిడని మరిచిపోయారు.

ఇది కేవలం అభిరుచుల తేడా అనుకోలేం. బాధపడే స్త్రీని చూసి ఏడవడానికి సమాజానికి ఎప్పుడూ అభ్యంతరం లేదు. ఆ ఏడుపులో చూసేవాడు మంచివాడైపోతాడు, తప్పు తెరమీది దుర్మార్గుడి ఖాతాలో పడుతుంది. నవ్వు అలా తప్పించుకోనివ్వదు. సిజెన్ అత్తగారిని ఓదార్చి, భర్తను బుజ్జగించి, తండ్రిని మాయచేసి, ఒక్క పూటలో నలుగురికి నాలుగు ముఖాలు చూపిస్తుంటే హాల్లో నవ్వే భర్తకు ఎక్కడో ఒక అనుమానం తగలాలి కదా: మా ఇంట్లో నాకు కనిపించే ముఖం ఎన్నోది?

ఆ అనుమానం తగిలినట్టే ఉంది. విడుదలకు ముందు, డిసెంబరు 3న, 'తా కుంగ్ పావ్' పత్రిక నాటక సినిమా పేజీలో చాంగ్ తన చిత్రం గురించి ఒక చిన్న వ్యాసం రాసింది. ఆ పేజీ సంపాదకుడు హోంగ్ షెన్, ఆధునిక చైనా నాటకానికి దారి వేసిన పెద్దల్లో ఒకడు. సినిమా చూడకముందే ఆయన ఆమెను మెచ్చుకుంటూ, ఈ కాలపు ఉత్తమ హాస్య రచయితల్లో ఒకరవుతుందని రాశాడు. ఆ తర్వాత దాడి మొదలైంది. దేశం కాలిపోతుంటే కుటుంబపు చిల్లర తగాదాలా అన్నారు. జపాను ఆక్రమణలో ఉన్న షాంఘైలో పేరు తెచ్చుకున్న రచయిత్రి అన్నారు. ఆమె పెళ్లాడిన హు లాన్‌చెంగ్ జపాను చేతికింది వాంగ్ జింగ్‌వెయ్ ప్రభుత్వంలో పనిచేసినవాడు. ఆ మచ్చ ఆమె రాసే ప్రతి వాక్యం మీదా పడింది. 1948 జనవరికల్లా హోంగ్ షెన్ గొంతు మారింది. తానే ఒక విమర్శ రాశాడు. దాని శీర్షికలోనే, ఈ ఆదరాన్ని అందుకోలేను మన్నించమని వేడుకుని, ఇది ఈ సినిమాకి ఒక భర్త ఇచ్చే జవాబు అని పెట్టాడు.

ఒక విమర్శకుడి జవాబు కాదు, ఒక నాటకకర్త జవాబు కాదు, ఒక భర్త జవాబు. నాకు ఆ శీర్షిక చాలా విలువైనదిగా కనిపిస్తుంది. 'వసంత నది' చూసి ఎవరూ 'ఒక భర్త జవాబు' రాయాల్సిన అవసరం రాలేదు. ఈ హాస్యం అందాకా వెళ్లింది.

ఇంతకీ నీతి ప్రశ్న సంగతేమిటి? అబద్ధం గురించి మాట్లాడిన తత్వవేత్తలకు ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. 1797లో కాంట్ చర్చించింది అదే. హంతకుడు తలుపు తట్టి, నీ స్నేహితుడు లోపల ఉన్నాడా అని అడుగుతాడు. నిజం చెప్పాలా వద్దా? చెప్పాలనే కాంట్ అన్నాడు. అది వేరే వాదన. నన్ను ఆపేది ఆ దృశ్యమే. గుమ్మంలో నిలబడ్డ గృహస్థు, ఎదురుగా పరాయివాడు, జీవితంలో ఒక్కసారి వచ్చే మహా సందర్భం. తలుపుకి ఇవతల, లోపల, రోజుకి పదిసార్లు మాట తిప్పాల్సిన మనిషి ఆ ఉదాహరణలో లేదు.

మన దగ్గర మినహాయింపుల జాబితా ఉంది. భాగవతంలో వామనుడికి మాట ఇచ్చిన బలితో శుక్రాచార్యుడు, ఫలానా ఫలానా సందర్భాల్లో అబద్ధమాడినా పాపం లేదంటాడు. స్త్రీల విషయంలో, పెళ్లిళ్ల విషయంలో అనేవి ఆ జాబితాలో ముందుంటాయి. ఎన్నిసార్లు సభల్లో ఆ పద్యం చదివి నవ్వుకోలేదు! ఆ జాబితా ఎవరి చేతిలో ఉందో చూడండి. ఆడవాళ్లతో అబద్ధమాడవచ్చు అంటుంది, ఆడవాళ్లు అబద్ధమాడవచ్చు అనదు. స్త్రీ అక్కడ అబద్ధానికి సందర్భం మాత్రమే. అనుమతి పత్రం ఆమె పేరున రాలేదు. అయినా ఇల్లు నడవాలంటే ఆ పని చేయాల్సింది ఆమే.

ఏడ్రియన్ రిచ్ 1975లో స్త్రీలూ గౌరవమూ అబద్ధమూ గురించి రాసిన వ్యాసం మనలో చాలామందికి తెలుసు. మగవాడి గౌరవం అతని మాట మీద నిలిస్తే, ఆడదాని గౌరవాన్ని ఆమె శరీరానికి కట్టేశారని, ఆమె మాటకు విలువే ఇవ్వలేదని, పైగా అబద్ధమాడినందుకు ఆమెకు బహుమానాలు దక్కాయని రిచ్ వాదన. అయితే ఆమె అక్కడితో ఆగదు. బలవంతుల ముందు బతకడానికి నేర్చిన అబద్ధం అలవాటై మన మధ్యకీ, చివరికి మనలోకీ వస్తుందని హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక దగ్గర సిజెన్‌ని నిలబెట్టి చూడాలనిపిస్తుంది.

సిజెన్ అబద్ధాల్ని నేను పాపమనీ అనను, పుణ్యమనీ అనను. అవి పని. వంట, బట్టలుతకడం, ముసలివాళ్లకు మందులివ్వడం లాగే అదీ ఒక చాకిరీ. ఇంటిచాకిరీకి ఉన్న లక్షణాలన్నీ దానికున్నాయి. జీతం లేదు, సెలవు లేదు, బాగా చేస్తే ఎవరికీ కనబడదు, ఒక్కరోజు తప్పితే ఇల్లంతా లేచి నిలదీస్తుంది. అత్తగారి పుట్టినరోజు ప్రశాంతంగా గడిచిందంటే ఎవరో పెంకులు దాచారు కాబట్టి గడిచింది. నిజం చెప్పడం గొప్పే. ఆ నిజానికి మూల్యం ఎవరు చెల్లిస్తారన్నది మనం అడగాల్సిన మాట. గిన్నె పగిలిందన్న నిజానికి పనిమనిషి ఉద్యోగం మూల్యం కావచ్చు. కడ్డీలు లేవన్న నిజానికి భర్త ఆశ మూల్యం. జియువాన్‌కి అబద్ధమాడాల్సిన అవసరం మొదట్లో ఉండదు. అతని వంతు కూడా భార్య ఆడుతుంది కనుక అతను సత్యవంతుడిగా బతకగలిగాడు. మగవాళ్ల నిజాయితీలో కొంత భాగం ఇలా ఆడవాళ్ల ఖర్చు మీద సమకూరినదే.

అలాగని సినిమా ఆమెను పూజించదు. నాకు చాలా నచ్చిన సంగతి ఇది. భర్త చేతికి డబ్బు వచ్చింది ఆమె అబద్ధం వల్లే. ఆ డబ్బుతోనే అతను మిమి దాకా వెళ్లాడు. తనను మోసం చేసిన మగవాణ్ణి ఆమే తన తెలివితో తయారుచేసుకుంది. రిచ్ చెప్పిన నష్టం కూడా ఇక్కడే కనబడుతుంది. అబద్ధం విన్నవాళ్లకు పెద్దగా పోయిందేమీ లేదు. అందరితో అందరికీ నచ్చేలా మాట్లాడిన సిజెన్‌కు ఏం కావాలో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు, అదీ ఆమె పోగొట్టుకున్నది. ఆమె విడాకులు కావాలన్నప్పుడు మొదటిసారి తన కోసం ఒక నిజం చెప్పింది.

తన వ్యాసంలో చాంగ్ కూడా ఇదే జాగ్రత్త చూపించింది. షాంఘై సందుల్లో ఇలాంటి ఇల్లాళ్లు ఇంటికొకరు కాదు, ఒకే ఇంట్లో పలువురున్నారంటుంది. ఆమెను సమర్థించడమో, ఆదర్శంగా నిలబెట్టడమో తన ఉద్దేశం కాదని, ఇలాంటి మనిషి ఉందని చెప్పడమే తన పని అని అంటుంది. ముగింపు సుఖాంతమే అయినా అందులో సుఖం అంత ఎక్కువగా లేదని కూడా ఒప్పుకుంటుంది.

ఆ ముగింపు దగ్గరే స్త్రీవాదులుగా మనకు ఇబ్బంది. విడాకులకు దారి ఉంది. 1931 నుంచి అమల్లో ఉన్న చైనా పౌరస్మృతి ప్రకారం ఇద్దరూ ఒప్పుకుని, కాగితం రాసుకుని, ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే చాలు, కోర్టుకు వెళ్లనక్కర్లేదు. హిందూ వివాహ చట్టంలోకి పరస్పర అంగీకార విడాకులు 1976లో గానీ రాలేదు. అంత తేలికైన తలుపు తెరిచి ఉండగా సిజెన్ ఎందుకు వెనక్కి తిరిగింది? రాసిన ఆవిడ మాత్రం తిరగలేదు. 1947 జూన్‌లో చాంగ్, పరాయి స్త్రీలతో తిరుగుతున్న భర్తకు తెగతెంపుల ఉత్తరం రాసింది. ఆ ఉత్తరంతో పాటు మూడు లక్షల యువాన్లు కూడా పంపిందని, అది ఆమె రెండు సినిమాలకు రాసి సంపాదించిన డబ్బని, అందులో ఒకటి ఇదేనని హు లాన్‌చెంగ్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. వదలని భార్య కథ రాసిన డబ్బుతో తాను వదిలేసిన భర్తకు ఆఖరి లెక్క తీర్చింది. జీవితంలో తను చేసినదాన్ని పాత్ర చేత చేయించలేదు. అది పిరికితనమని నేననుకోను. తను వెళ్లిపోగలిగింది కనుక వెళ్లలేనివాళ్లంతా తనకంటే తక్కువవాళ్లని ఆమె అనుకోలేదు. రాసుకునే చెయ్యి, వచ్చే పారితోషికం ఆమెకున్నాయి. సిజెన్‌కు అవి లేవు.

మనం కూడా గత నాలుగు దశాబ్దాలుగా మరుగునపడ్డ రచయిత్రులను వెతికి తీస్తున్నాం. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1990ల మొదట్లో వచ్చిన రెండు సంపుటాలు ఆ పనికి ఎంత ఊపునిచ్చాయో తెలుసు. వెతికేటప్పుడు మన చేతిలో ఒక కొలబద్ద ఉంటుంది. ఎదిరించిందా, ప్రశ్నించిందా, బయటికి నడిచిందా? దొరికితే పొంగిపోతాం. దొరకకపోతే అయ్యో అనుకుని పక్కన పెడతాం. ఆ కొలబద్ద అవసరమే. అదొక్కటే ఉంటే మాత్రం సర్దుకుని బతికిన కోట్లమంది స్త్రీల తెలివి, విసుగు, లౌక్యం, వాళ్లు తమకు తాము చేసుకున్న అన్యాయం కూడా మన చరిత్రలోకి రావు. హోంగ్ షెన్ తరం విమర్శకులు ఈ సినిమాలో దేశం లేదని తోసేశారు. మనం విప్లవం లేదని తోసేస్తే వాళ్లకీ మనకీ తేడా తక్కువే.

ఒక్క చోట మాత్రం నేను ఈ సినిమాతో రాజీపడలేను. ఆఖరి దృశ్యంలో రాజీపడ్డ దంపతులు కాఫీ హోటల్లో కూర్చుంటారు. దగ్గరలో మిమి ఇంకొక మగవాడికి తన కన్నీటి గాథ వినిపిస్తుంటుంది. జియువాన్ విన్న గాథే, కన్నీళ్లూ అవే. దంపతులు విని నవ్వుకుంటారు, మనమూ నవ్వుతాం. కానీ సినిమా అంతా చూసినవాళ్లకు సిజెన్‌ని మించి మిమిని అర్థం చేసుకోగలవాళ్లు ఇంకెవరున్నారు? ఇద్దరూ మగవాళ్లకు కావలసిన కథ అల్లి చెప్పి పొట్టపోసుకునేవాళ్లే. ఒకరికి పెళ్లి అనే ఒప్పందం ఉంది, ఇంకొకరికి లేదు. మిమి వెనక కూడా ఆమె తెచ్చే డబ్బు మీద కన్నేసిన మగవాడున్నాడు. సంసారం నిలబెట్టుకోవడానికి సిజెన్ చెల్లించిన ఆఖరి మూల్యం ఈ నవ్వు: భర్త పక్కన కూర్చుని తనలాంటి ఇంకొక స్త్రీని చూసి నవ్వడం.

మిమి వేషం వేసిన షాంగ్‌క్వాన్ యున్‌జు 'వసంత నది'లోనూ భర్తను వలలో వేసుకున్న స్త్రీగానే నటించింది. తెర మీద ఎన్నో రకాల స్త్రీలను చూపించిన ఆమె సాంస్కృతిక విప్లవంలో వేధింపులు భరించలేక 1968లో మేడ మీద నుంచి దూకి చనిపోయింది. పిసినారి తండ్రిగా నవ్వించిన షి హుయ్ 1957లో మితవాది ముద్ర పడ్డాక సముద్రంలో దూకాడు. నిజం ఎంత ఖరీదైనదో, ఎవరి చేత ఏ మాట పలికిస్తారో ఆ తర్వాతి ఏళ్లు ఇంటి నుంచి దేశందాకా చూపించాయి. 'వాన్‌స్వెయ్' అన్న నినాదం ఆ ఏళ్లలో వీధివీధినా మోగింది. శ్రీమతి కోసం మోగలేదు.

'శ్రీమతి వర్ధిల్లాలి' అని మనం కూడా అనకూడదు. ఇలాగే వర్ధిల్లు అనడమంటే ఇలాగే అబద్ధాలాడుతూ ఉండు అనడమే. సిజెన్‌కు జేజేలూ వద్దు, బోధలూ వద్దు. పగిలిన గిన్నె పగిలిందని చెప్పగలిగే ఇల్లు కావాలి. అప్పటిదాకా ఆ పెంకులు ఎక్కడ దాచిందో తెలిసినవాళ్లం మనమే. వాటిని బయటికి తీసేటప్పుడు ఆమె చెయ్యి తెగకుండా చూడాల్సిందీ మనమే.